మందు కంటే ముందు తూటా: మజిల్‌లోడర్‌తో జింక వేటలో ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఒహాయో రాష్ట్రంలో కొత్తగా వేటకు దిగేవారికి భద్రతా శిక్షణ ఇచ్చే వలంటీర్లలో నేనొకణ్ణి. శిక్షణ పూర్తయినవారిలో కొందరు తమ మజిల్‌లోడర్‌కు (మూతి నుంచి దట్టించే తుపాకీకి) తగిన తూటా, తుపాకీ మందు కొలత కుదుర్చుకోవడానికి మా రేంజికి (గురి సాధన చేసే చోటికి) వస్తుంటారు. అలా వచ్చిన ఒకరి కేసును, ఆయన అనుమతితో, ఇక్కడ రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు తీసివేశాను; కౌంటీ పేరు గానీ, తుపాకీని, తూటాలను తయారుచేసిన కంపెనీల పేర్లు గానీ చెప్పడం లేదు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం కనుక, ఇందులోని విషయమంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజను నియమాలకు లోబడి వేటాడే తెలుగువారి కోసం రాసినదని ముందే మనవి చేస్తున్నాను.

మజిల్‌లోడర్ పనిచేసే తీరు మన ఊళ్లలోని నాటు తుపాకీ తీరే. మూతి నుంచి మందు పోసి, దాని మీద తూటా పెట్టి, కడ్డీతో దట్టించి, ఒక్కసారి పేలుస్తారు. రెండో గుండు కావాలంటే మళ్లీ మొదటినుంచీ చేయాలి. 1985లో టోనీ నైట్ ఎంకే-85 అనే ఇన్‌లైన్ తుపాకీని తెచ్చిన తరువాత, ప్రైమర్ (మందుకు నిప్పంటించే చిన్న పేలుడు బిళ్ల) మందుకు సరిగ్గా వెనుక వరుసలో ఉండే ఈ పద్ధతి అమెరికా వేటగాళ్లలో బాగా వ్యాపించింది. ఇప్పటి ఇన్‌లైన్లలో ఎక్కువ భాగం .50 క్యాలిబర్‌వి (బ్యారెల్ లోపలి వ్యాసం అరంగుళం), బ్యారెల్ లోపల తూటాను తిప్పే మరలు 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి. పాత తరహా తుపాకుల్లో 60 లేదా 66 అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది, అది గుడ్డముక్కలో చుట్టి దట్టించే సీసపు గుండుకు సరిపోతుంది. వేగంగా తిరిగే మరలు మాత్రం పొడవాటి తూటాకే అనుకూలం. అందుకే మొదట అడగవలసింది తూటా పేరు కాదు, బ్యారెల్ మరల సంగతి.

మా కేసులోని వ్యక్తి నలభై దాటినవారు. కొన్నేళ్లుగా రైఫిల్‌తో తెల్లతోక జింకలను వేటాడిన అనుభవం ఉంది, మజిల్‌లోడర్‌కు మాత్రం కొత్త. ఒహాయోలో తుపాకీ సీజను అయిపోయాక జనవరి మొదట్లో మజిల్‌లోడర్లకు విడిగా కొన్ని రోజులు ఇస్తారు. ఆ రోజుల కోసమే కొన్నారు. తెచ్చిన మాంసం ఇంట్లో పిల్లలతో సహా అందరూ తింటారు. ఈ చివరి సంగతి తరువాతి నిర్ణయాల్లో గట్టిగానే పనిచేసింది.

వచ్చిన సమస్య

ఆయన వాడుతున్నది 240 గ్రెయిన్ల, రాగి తొడుగున్న హాలో పాయింట్ తూటా, అంటే తగిలినప్పుడు విచ్చుకునేలా ముక్కులో గుంట ఉన్నది. గ్రెయిన్ అంటే తూటా బరువునూ మందునూ చెప్పే చిన్న కొలమానం. అది .44 క్యాలిబర్‌ది కనుక .50 బ్యారెల్‌లో పట్టడానికి సేబో అనే ప్లాస్టిక్ ఒరలో కూర్చి దట్టిస్తారు. దాని వెనుక 50 గ్రెయిన్ల గుళికలు మూడు, అంటే 150 గ్రెయిన్ల మందు. ఆ తుపాకీకి తయారీదారు అనుమతించిన గరిష్ఠ కొలత అదే.

మొదటి జింకను ముప్ఫై అయిదు గజాల దూరంలో కొట్టారు. తూటా జబ్బ ఎముకకు తగిలింది. అయినా జింక పొదల్లోకి పరుగెత్తి, నెత్తురు జాడ లేకుండా పోయి, చాలాసేపు వెతికిన తరువాత దొరికింది. తూటా అవతలికి వెళ్లలేదు. ఇవతలి ఊపిరితిత్తి మాత్రమే దెబ్బతింది. జబ్బ మాంసమంతా సీసపు తునకలతో నిండిపోయి పారేయవలసి వచ్చింది. రెండో జింకను డెబ్బై గజాల దగ్గర కొట్టారు. పొగ తేలిపోయేసరికి అక్కడ జింక లేదు, కొద్దిగా వెంట్రుకలు తప్ప నేల మీద ఒక్క చుక్క లేదు. చీకటి పడేదాకా, మళ్లీ మరునాడు కూడా తోడు తీసుకెళ్లి వెతికినా దొరకలేదు. గాయపడిన జంతువును అడవిలో వదిలేసి రావలసి వచ్చినందుకు ఆయన చాలా బాధపడ్డారు. ఆ సీజనులో మళ్లీ తుపాకీ ఎత్తలేదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఇది: “మందు చాలడం లేదేమో అన్నా, ఇంతకంటే గట్టిగా కొట్టే తుపాకీ కొనమంటారా?”

లెక్క ఎక్కడ తప్పింది

మొదటి జింకలో దొరికిన తూటా ముక్కలను ఆయన ఒక చిన్న డబ్బాలో దాచిపెట్టారు. వేలి గోరంత రాగి తొడుగు నాలుగు వైపులా చీలి, అడుగుదాకా వెనక్కి మడతపడి, ఒలిచిన బత్తాయి తొక్కలా ఉంది. లోపల ఉండవలసిన సీసం అందులో లేదు. విడిగా దొరికిన సీసపు తునకల్లో కందిగింజను మించినది ఒక్కటీ కనిపించలేదు. శక్తి చాలకపోతే తూటా విచ్చుకోకుండా దాదాపు పాత ఆకారంలోనే దొరుకుతుంది. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం: తూటా భరించగలిగిన దానికంటే ఎక్కువ వేగంతో ఎముకను తాకి, లోపలికి దిగకముందే చెదిరిపోయింది.

ఎందుకిలా అవుతుందో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. ఈ రకం తూటా పుట్టింది .44 మాగ్నమ్ రివాల్వర్ కోసం. సెకనుకు సుమారు 1,200 నుంచి 1,500 అడుగుల వేగంతో తగిలినప్పుడు చక్కగా విచ్చుకునేలా దాని తొడుగు మందాన్ని, ముక్కులోని గుంటను కుదిర్చారు. మూడు గుళికల వెనుక నుంచి అదే తూటా సెకనుకు సుమారు 2,050 అడుగులతో బయలుదేరుతుంది. ముప్ఫై అయిదు గజాల దగ్గర ఆ వేగం పెద్దగా తగ్గదు. కాగితం మీద చూస్తే మూతి దగ్గర 2,200 అడుగు-పౌండ్లకు పైగా శక్తి ఉంది, తెల్లతోక జింకకు అది కావలసినదానికంటే చాలా ఎక్కువ. కానీ ఆ శక్తి అంతా జబ్బ పైపొరల్లోనే ఖర్చయిపోతే రెండు ఊపిరితిత్తులనూ దాటి అవతలి వైపు రంధ్రం చేయడానికి ఏమీ మిగలదు. అవతలి రంధ్రం లేకపోతే నేల మీద నెత్తురు జాడ ఉండదు. పొగలో జింక ఎటు పోయిందో కనిపించని మజిల్‌లోడర్ వేటలో ఆ జాడే ఆధారం.

కొత్త తుపాకీ కొనవద్దని చెప్పాను. రెండో జింక విషయంలో మాత్రం తూటాదే తప్పని నేను తీర్మానించలేదు, ఎందుకంటే జంతువు దొరకలేదు, గురి తప్పి ఉండవచ్చు. కాబట్టి రెండు సంగతులు విడివిడిగా పరీక్షించాలనుకున్నాం. తూటా శరీరంలో ఎలా ప్రవర్తిస్తుంది అనేది ఒకటి, తుపాకీ దాన్ని ఎక్కడికి పంపుతుంది అనేది రెండు.

ప్రయత్నించినవి, ఫలించనివి

పరీక్షకు వాడిన సరంజామా ఇంట్లో దొరికేదే. గ్యాలన్ పాల క్యాన్లలో నీళ్లు నింపి వరుసగా పేర్చి, మొదటి క్యానుకు ముందు హలాల్ మాంసం కొట్టు నుంచి తెచ్చిన మేక జబ్బ ఎముకను టేపుతో అంటించి, ఇరవై అయిదు గజాల నుంచి కొట్టాం. మేక జబ్బ ఎముక పలుచదనంలో జింకదానికి దగ్గరగా ఉంటుంది. నీళ్లు కండకు సమానం కావు, ఈ పరీక్షలో కనిపించిన లోతు జంతువులోనూ అంతే ఉంటుందని అనుకోకూడదు. కానీ రెండు తూటాలను ఒకే కొలమానం మీద పోల్చడానికి ఇది బాగా పనికొస్తుంది. దగ్గరి దూరాన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, తూటా చెదిరిపోయే ప్రమాదం వేగం ఎక్కువగా ఉండే దగ్గరలోనే. అక్కడ నిలిచిన తూటా దూరంలో చెదరదు. దూరంలో దానికి ఉండే చిక్కు వేరు, విచ్చుకుంటుందా లేదా అనేది.

అన్నిటికంటే తేలిక మార్గంతో మొదలుపెట్టాం: పాత తూటానే ఉంచి మందు తగ్గించడం. ఆ 50 గ్రెయిన్ల గుళికలతో అయితే 150 నుంచి 100కు దిగాలి తప్ప మధ్యలో ఆగే వీలు లేదు. అందుకని గుళికలు మానేసి ట్రిపుల్ సెవెన్ అనే పొడి మందుకు మారాం. కొలపాత్రతో అయిదేసి గ్రెయిన్ల చొప్పున సర్దుకోవచ్చు. ఈ కొలత ఘనపరిమాణానికి సంబంధించినది, తూకానికి కాదు. త్రాసు మీద తూచి పోస్తే అసలు కొలత మారిపోతుంది. పాతకాలపు తుపాకీ మందైన బ్లాక్ పౌడర్‌తో పోలిస్తే ట్రిపుల్ సెవెన్‌కు ఘనపరిమాణంలో ఎక్కువ శక్తి ఉంటుంది కనుక పాత బ్లాక్ పౌడర్ కొలతలను యథాతథంగా వాడకూడదు, తయారీదారు ఇచ్చిన పట్టికనే అనుసరించాలి. ఆధునిక రైఫిల్ కార్ట్రిడ్జ్‌లలోని స్మోక్‌లెస్ పౌడర్‌ను, దానికోసం ప్రత్యేకంగా తయారుకాని మజిల్‌లోడర్‌లో ఎంత తక్కువ కొలతలోనైనా పోయకూడదు. బ్యారెల్ పగిలి మనిషి ప్రాణం పోతుంది.

మందు తగ్గించగానే లక్ష్యం మీద తూటాలు దగ్గరపడ్డాయి. మూడు గుళికలతో వంద గజాల దగ్గర ఆరంగుళాల మేర చెదిరినవి సగానికి వచ్చాయి. నీళ్ల క్యాన్ల దగ్గర మాత్రం ఫలితం నచ్చలేదు. ఎముక తగలనప్పుడు తూటా బాగానే నిలిచింది, ఎముక తగిలినప్పుడు తొడుగు, సీసం మళ్లీ విడిపోయాయి. పక్కకు తిరిగి నిలబడిన జింకను మాత్రమే, ముందుకాలి వెనుక మాత్రమే కొడతానని నియమం పెట్టుకునే వ్యక్తికి ఇదే తూటా, ఇంకా తక్కువ మందుతో, సరిపోతుందని నా అభిప్రాయం. అలా వేటాడి ఏటా జింకను తెచ్చుకునేవారు నాకు తెలుసు. కానీ జింక చివరి క్షణంలో ఒక అడుగు వేస్తే జబ్బ అడ్డువస్తుంది. ఆ ఒక్క అడుగును భరించలేని తూటాను ఈయన చేతికి మళ్లీ ఇవ్వడం సబబు కాదనుకున్నాను.

రెండోది, సేబో అవసరం లేని, బ్యారెల్ నిండా పట్టే మెత్తని సీసపు కోనికల్ (శంకు ఆకారపు తూటా), బరువు 385 గ్రెయిన్లు. దీని వెనుక తర్కం చాలా పాతది, చాలా గట్టిది: తూటా విచ్చుకోకపోయినా అరంగుళం రంధ్రం ఎలాగూ పడుతుంది, బరువు వల్ల అవతలికి వెళ్లడం దాదాపు ఖాయం. క్యాన్ల వరుసను అది దాటుకుంటూ పోయిన తీరు చూసి ఆయన ముఖం వెలిగింది. తుపాకీ వెనుకదన్ను బాగా పెరిగింది, సెకనుకు 1,400 అడుగుల లోపు వేగం వల్ల దూరంలో జారుడు కూడా ఎక్కువే, అయినా ఆ రెండూ అడవిలో సర్దుకోగలిగినవే.

దాన్ని పక్కన పెట్టడానికి కారణం వేరు. తూటా మందు మీద పూర్తిగా కూర్చున్నప్పుడు కడ్డీ మూతి దగ్గర ఎక్కడికి వస్తుందో అక్కడ ఒక గీత పెట్టించాను. ఆ తరువాత ప్రైమర్ లేకుండా, తుపాకీని మూతి కిందికి ఉండేలా తాడుకు కట్టి, మంచె మీదికి లాగినట్టే కొన్నిసార్లు లాగి దించి, మళ్లీ కడ్డీ పెట్టి చూశాం. గీత మూతికి అంగుళంన్నర పైన తేలింది. అంటే తూటా మందును వదిలి ముందుకు జారింది. మందుకూ తూటాకూ మధ్య అలా ఖాళీ ఉండగా పేలిస్తే తూటా ఒక అడ్డంకిలా పనిచేసి బ్యారెల్ ఉబ్బవచ్చు, పగలవచ్చు. బ్యారెళ్లన్నిటి మీదా .50 అనే రాసి ఉన్నా లోపలి వ్యాసంలో అంగుళంలో వెయ్యో వంతుల తేడాలు ఉంటాయి. ఈ బ్యారెల్ కొంచెం వదులు, ఆ కోనికల్ అందులో నిలవడం లేదు. ఇంకాస్త లావైన కోనికల్ వెతకవచ్చు, కానీ పిల్లలు తినే మాంసంలో మెత్తని సీసం విషయంలో ఆయనకు అప్పటికే సందేహం ఉంది. సీసపు తూటాలను కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో పూర్తిగా నిషేధించిందని ఆయనే చదివి వచ్చారు. ఒహాయోలో అటువంటి నిషేధం లేదు. అయినా ఇంటి పెద్దగా ఆయన తీసుకున్న ఆ నిర్ణయాన్ని నేను గౌరవించాను.

మూడోది పూర్తిగా రాగితో చేసిన, పెద్ద గుంట ఉన్న 290 గ్రెయిన్ల .45 తూటా, దానితోపాటు ప్యాకెట్‌లో వచ్చిన సేబో. క్యాన్ల పరీక్షలో ఎముక తగిలినా రేకులు విచ్చుకుని, బరువు దాదాపు పోకుండా దొరికింది. తూటా విషయంలో వెతుకులాట అక్కడ ముగిసింది. కానీ చలి బాగా ఉన్న ఒక ఉదయం రెండో గుండు దట్టించబోతే ఆయన శరీరం బరువంతా కడ్డీ మీద వేసినా గీత మూతిదాకా రాలేదు. చలికి సేబో ప్లాస్టిక్ బిగుసుకుంటుంది, ట్రిపుల్ సెవెన్ మందు పేలిన చోటికి కాస్త ముందు బ్యారెల్‌లో గట్టి మసి వలయం కడుతుంది. రెండూ కలిసి తూటాను మధ్యలో ఆపేశాయి. తూటా జారిపోవడం ఎంత ప్రమాదమో, మందుదాకా చేరకపోవడమూ అంతే ప్రమాదం, ఎందుకంటే రెండింటిలోనూ మధ్యలో మిగిలేది అదే ఖాళీ. చివరికి బ్రీచ్ ప్లగ్ (బ్యారెల్ వెనుక మూత) విప్పి, మందు తీసేసి, తూటాను వెనుక నుంచి తోసి బయటికి తీశాం.

కుదిరిన జోడీ

తూటా మార్చకుండా సేబో మాత్రమే మార్చడం ఇక్కడి మలుపు. బయటివైపు సన్నని గాడులు ఉన్న సేబోలు దొరుకుతాయి. బ్యారెల్ గోడకు తగిలే భాగం తక్కువ కనుక తేలికగా దిగుతాయి, పేలినప్పుడు మాత్రం అడుగుభాగం వ్యాకోచించి మరలను పట్టుకుంటుంది. అటువంటి సేబోతో చలిలోనూ ఒకే ఒత్తిడితో తూటా గీతదాకా చేరింది, మూతి కిందికి పెట్టి కుదిపినా కదలలేదు. తూటా ముక్కు ఆకారానికి సరిపడే కొన ఉన్న జాగ్ అనే ముక్కను కడ్డీకి బిగించాం. చదును కొనతో తోస్తే హాలో పాయింట్ అంచులు వంకరపోయి, తూటా ఒక పక్కకు లాగుతుంది. ప్రతి గుండు తరువాత కొద్దిగా తడిపిన గుడ్డముక్కతో ఒకసారి, పొడిదానితో ఒకసారి బ్యారెల్ తుడవడం అలవాటు చేయించాను. మసి వలయానికి అంతకంటే మంచి విరుగుడు లేదు.

మందును 80 గ్రెయిన్ల నుంచి మొదలుపెట్టి అయిదేసి చొప్పున పెంచుకుంటూ పోయాం. 90 దగ్గర తూటాలు అన్నిటికంటే దగ్గరగా పడ్డాయి. 100కు వెళితే వేగం కొద్దిగా పెరిగింది, లక్ష్యం మీద తూటాల గుంపు చెదిరింది, కాబట్టి 90 దగ్గరే ఆగాం. క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) మీద వేగం సెకనుకు సుమారు 1,700 అడుగులు. శక్తి దాదాపు 1,860 అడుగు-పౌండ్లు. మూడు గుళికలతో వచ్చిన దానికంటే ఇది తక్కువ. ఆయనకు మింగుడుపడటానికి సమయం పట్టిన సంగతి ఇదే: తక్కువ శక్తి గల తూటా, చెదరకుండా నిలిచినందువల్ల, ఎక్కువ లోతు వెళ్లింది. వంద గజాల దగ్గరికి వేగం 1,400 దరిదాపులకు పడిపోతుంది. రాగి తూటా సీసంలా మెత్తగా ఉండదు కనుక అది విచ్చుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని తయారీదారు సమాచారంలో చూసి, మన దూరం ఆ హద్దులోపలే ఉందని నిర్ధారించుకున్నాం.

గురి సంగతిలో ఒక పద్ధతిని నేను అందరితోనూ చేయిస్తాను. రేంజి మీద వరుసగా కొట్టిన గుంపు కంటికి అందంగా ఉంటుంది. అడవిలో మనకు దక్కేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి గుండు ఒక్కటే. వేడెక్కిన బ్యారెల్‌లో సేబో మెత్తబడి ఒకలా ప్రవర్తిస్తుంది, చల్లటిదానిలో ఇంకోలా. అందుకని వచ్చిన ప్రతిసారీ మొదటి గుండును మాత్రం విడిగా ఒకే కాగితం మీద కొట్టించి, ఆ కాగితాన్ని దాచి, తరువాతిసారి మళ్లీ అదే కాగితం అంటించాం. సీజను దగ్గరపడేనాటికి ఆ మొదటి గుండ్లన్నీ అరచేతిలో పట్టేంత చోటులో ఉన్నాయి. నూనె తడి మిగిలిన బ్యారెల్ నుంచి కొట్టినది ఒక్కటే పక్కకు పోయింది. దాంతో మందు పోయకముందు బ్యారెల్‌ను పొడిగా తుడిచి, సురక్షితమైన దిక్కుకు చూపించి ఉత్త ప్రైమర్లు పేల్చి నిప్పుదారిని ఆరబెట్టడం కూడా ఆయన వరుసలో చేరింది.

వంద గజాలకు గురి సరిచేస్తే ఈ జోడీ యాభై గజాల దగ్గర అంగుళంపైన కొద్దిగా ఎత్తుకు, నూట పాతిక గజాల దగ్గర మూడంగుళాల లోపు దిగువకు, నూట యాభై దగ్గర దాదాపు ఏడంగుళాల దిగువకు కొడుతుంది. ఏడంగుళాలంటే ఊపిరితిత్తులకు, ముందుకాలికి మధ్య ఉన్న తేడా. కాబట్టి నూట పాతిక గజాలు దాటితే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదని ఇద్దరం అనుకున్నాం.

వేటలో ఫలితం

జనవరి సీజనులో ఆయన అరవై గజాల దగ్గర ఒక ఆడజింకను కొట్టారు. పక్కకు తిరిగి ఉంది. తూటా ముందుకాలి వెనుక, శరీరం ఎత్తులో మూడో వంతు దగ్గర దిగి, అవతలి జబ్బ అంచు ఎముకను విరుచుకుని బయటికి వెళ్లింది. పొగ వల్ల జింక ఎటు పోయిందో ఈసారీ కనిపించలేదు. అరగంట ఆగి దిగితే, మంచు మీద రెండు వైపులా చిమ్మిన నెత్తురు స్పష్టంగా ఉంది. యాభై గజాలు నడిచేసరికి జింక దొరికింది. పాడైన మాంసం గుప్పెడు కూడా లేదు. తూటా బయటికి వెళ్లిపోయింది కనుక అది ఎలా విచ్చుకుందో చూసే అవకాశం రాలేదు. అవతలి రంధ్రం వెడల్పు, రెండు ఊపిరితిత్తుల స్థితి చూస్తే విచ్చుకుందని చెప్పగలను.

ఒక్క జింకతో తూటాకు యోగ్యతాపత్రం ఇవ్వలేం. ఈ కేసులో నాకు నమ్మకం కలిగించింది ఆ జింక ఒక్కటే కాదు, దానికి ముందు క్యాన్లు, కడ్డీ మీది గీత, మొదటి గుండ్ల కాగితం అన్నీ ఒకే మాట చెప్పడం.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

ఇప్పుడు ఎవరైనా తూటా గురించి అడిగితే నేను మొదట అడిగేది, మీరు జింకను అతి దగ్గరగా ఎంత దూరంలో, అతి దూరంగా ఎంత దూరంలో కొడతారని. ఆ రెండు చోట్లా తగిలే వేగం లెక్కగట్టి, ఆ రెండు వేగాలనూ భరించే తూటాను ముందు ఎంచుకుని, మందును దానికి అనుగుణంగా కుదుర్చుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. తుపాకీ మీద రాసిన గరిష్ఠ కొలత పోసి, తరువాత షాపులో కనబడిన తూటా కొంటారు. గరిష్ఠ కొలత అంటే బ్యారెల్ తట్టుకోగలిగినది మాత్రమే, తూటా తట్టుకోగలిగినది కాదు.

తూటా శరీరంలో చేసే పని ఎంత ముఖ్యమో, బ్యారెల్‌లో అది మందు మీద కూర్చుని కదలకుండా ఉండటం కూడా అంతే ముఖ్యం. ప్రకటనల్లో రెండోదాని గురించి ఒక్క మాట ఉండదు. ఈ కేసులో చక్కటి తూటాలు రెండు ఆ ఒక్క పరీక్షలోనే ఆగిపోయాయి. ఒకటి సేబో మార్చడంతో తిరిగి వచ్చింది, ఒకటి రాలేదు.

ఆయన ఈ ఏడాది స్నేహితులతో కలిసి మ్యూల్ డీర్ అనే మరో రకం జింక వేటకు కొలరాడో వెళ్లాలనుకుంటున్నారు. అక్కడి మజిల్‌లోడర్ సీజనులో సేబోలు, గుళికల మందు, టెలిస్కోప్ మూడూ నిషిద్ధం. అంటే ఇంత కష్టపడి కుదుర్చుకున్న జోడీ ఆ రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. బ్యారెల్ నిండా పట్టే కోనికల్, మామూలు గురిముక్కు, బహుశా ఇంకా తక్కువ దూరం. వదులుగా ఉన్న ఈ బ్యారెల్‌కు వెయ్యో వంతుల్లో లావైన రాగి కోనికల్ ఒకటి తెప్పించాం. వచ్చే వారం దాన్ని దట్టించి, ప్రైమర్ లేకుండా, మూతి కిందికి కట్టి, మళ్లీ కడ్డీ మీది గీత చూస్తాం.